బాల్టిమోరు కథకు విమర్శకుల తీర్పు

విమర్శకలోకము వేనోళ్ల కొనియాడిన టెలివిజను నాటకములలో ‘ది వైర్’ ఒకటి. 2002 నుండి 2008 వరకు 5 భాగములుగ, 60 ప్రకరణములుగ హెచ్‌బీఓ వారు ప్రసారము చేసిన ఈ కథకు రంగస్థలము అమెరికాలోని బాల్టిమోరు నగరము. సృష్టికర్త, ఆ నగరమందే పత్రికావిలేఖరిగా పనిచేసిన డేవిడ్ సైమన్. ఆయనకు తోడుగా కలము పట్టినవాడు, తొలుత పోలీసుశాఖలోను, పిదప పాఠశాలలోను కొలువు చేసిన ఎడ్ బర్న్స్.

మాదకద్రవ్యముల వర్తకమును, ఓడరేవు కార్మికుల దైన్యమును, నగరపాలకుల కపటమును, బడిపిల్లల దుర్గతిని ఒక్కొక్క భాగమున విప్పి చూపుచు, సజ్జనుని సైతము నిర్వీర్యుని గావించు వ్యవస్థల స్వరూపమును నిరూపించుటయే దీని ఘనతయని విమర్శకులు పలికిరి. పిల్లల కథయైన నాలుగవ భాగమును శిఖరముగా నెంచువారు పెక్కుమంది. నేనును వారిలో నొకడను.

ఐనను, పరిశోధనకు ధనము రాబట్టుటకై లేని హంతకుని ఒక డిటెక్టివు కల్పించు ఐదవ భాగము అసంభావ్యమని, అందలి పత్రికాకార్యాలయ చిత్రణమున రచయిత పాతకక్షలు తొంగిచూచుచున్నవని ఆక్షేపణలు బయలుదేరెను. మొదటి ఆక్షేపణ న్యాయమే. అంతవరకు అతిశయోక్తిని దరిజేరనీయని కథ, ముగింపునకు చేరువలో తన నిగ్రహమును తానే సడలించుకొన్నది. స్త్రీపాత్రల కొఱతను గూర్చి మాత్రము విమర్శకులు మఱికొంత గట్టిగా పలుకవలసియుండెనని నా యభిప్రాయము.

చిత్రమేమన, ఇంతటి నాటకమునకు ఎమ్మీ బహుమానము ఒక్కటియు దక్కలేదు. ప్రసారకాలమున ప్రేక్షకులును స్వల్పమే. కథ ముగిసిన పిమ్మట డీవీడీల మూలమున దానిని చేరినవారు అనేకులు.