పరుగు – సరంజామా – నిదానం

(మన సొసైటీ వార్షిక సభలో యువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



వార్షిక సభలో చదువును గురించీ, స్కాలర్‌షిప్పులను గురించీ, ఆడపిల్లల పెళ్ళిళ్ళ ఖర్చులను గురించీ మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఈసారి పరుగును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగితే పక్కనున్న పెద్దమనిషి ఒకరు నవ్వారు. ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పుకునే మాకు పరుగుతో పనేమిటని ఆయన సందేహం. మాకు పరుగుతో పని లేకపోవచ్చు గాని, మా దగ్గర చదివి ఇంటర్మీడియట్ దాటిన పిల్లలకు చాలా పని ఉంది. తెల్లవారుజామున తెనాలిలో కాలువ గట్టు మీద చూడండి, బాపట్ల నుండి సూర్యలంక వెళ్ళే రోడ్డు మీద చూడండి, రేపల్లె నుండి పెనుమూడి వైపు చూడండి. చీకట్లో పరుగెత్తేవాళ్ళు కనబడతారు. వాళ్ళు సరదాకు పరుగెత్తడం లేదు. కానిస్టేబులు ఉద్యోగం కోసం పరుగెత్తుతున్నారు.

మన రాష్ట్రంలో 2022 నవంబరులో 6,100 కానిస్టేబులు పోస్టులకు ప్రకటన వెలువడింది. ఆ పరుగు పరీక్షలు జరిగేసరికి 2024 డిసెంబరు చివరి రోజులు వచ్చాయి. రెండేళ్ళు ఎదురుచూసిన కుర్రవాడి భవిష్యత్తు ఎనిమిది నిమిషాల్లో తేలిపోయింది. మగవారికి 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడవారికి 10 నిమిషాల 30 సెకన్లలో అని నిబంధన. సైన్యంలో అగ్నివీరుల ఎంపిక ఇంకా కఠినం. 2022లో ఆ పథకం మొదలైనప్పుడు 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ముగించినవారికే పూర్తి 60 మార్కులు. ఈ అంకెలు ప్రకటనకూ ప్రకటనకూ మారుతుంటాయి కాబట్టి ఎవరి ప్రకటన వారు పూర్తిగా చదువుకోవాలని మనవి.

సరే, లెక్కల మాస్టర్లం కనుక లెక్కతోనే మొదలుపెడతాము. 1600 మీటర్లంటే 400 మీటర్ల మైదానం చుట్టూ నాలుగు చుట్లు. ఎనిమిది నిమిషాలను నాలుగు పెట్టి భాగించండి. చుట్టుకు రెండు నిమిషాలు, అంటే వంద మీటర్లకు 30 సెకన్లు. ఇది గంటకు 12 కిలోమీటర్ల వేగం, అంతే! సైకిలు తొక్కే పెద్దాయన కూడా అంతకంటె తొందరగానే పోతాడు. అలాంటప్పుడు ఆరోగ్యవంతులైన ఇరవయ్యేళ్ళ కుర్రవాళ్ళు ఎందుకు తప్పుతున్నారు?

రేపల్లె కుర్రవాడొకడు చుట్టుచుట్టుకూ తన సమయం రాసుకొని మాకు చూపించాడు. తండ్రి దర్జీ. మొదటి చుట్టు 1 నిమిషం 25 సెకన్లు, రెండోది 1.55, మూడోది 2.25, నాలుగోది 2.35. మొత్తం 8 నిమిషాల 20 సెకన్లు. ఫెయిలు! "సార్, మొదటి రౌండులో అందరికంటే ముందున్నాను" అన్నాడు. నిజమే, ముందే ఉన్నాడు. కాని మొదటి చుట్టుకు ప్రైజు లేదు కదా! నెల జీతం మొదటి వారంలోనే ఖర్చుపెట్టేసినవాడి సంసారం ఎలా ఉంటుందో అతని పరుగూ అలాగే ఉంది. మొదట్లోనే శక్తికి మించి పరుగెత్తితే ఊపిరి చాలక కండరాలు బిగిసిపోతాయి, కాళ్ళు సీసంలా బరువెక్కుతాయి. మొదటి చుట్టులో మిగిల్చుకున్న పది సెకన్లకు చివర్లో ముప్పయి సెకన్ల వడ్డీ కట్టాల్సి వస్తుంది.

అదే అబ్బాయి రెండు నెలల తరువాత 1.54, 1.56, 1.57, 1.48 చొప్పున పరుగెత్తాడు. మొత్తం 7 నిమిషాల 35 సెకన్లు. కాళ్ళు అవే, బూట్లు అవే. మారింది పంపకం ఒక్కటే.

ఇది మేము కనిపెట్టిన రహస్యమేమీ కాదు. మైలు పందెం మన 1600 మీటర్లకు అన్నగారు, కేవలం తొమ్మిది మీటర్లు పెద్ద. మైలును నాలుగు నిమిషాల లోపు పరుగెత్తడం మనిషికి సాధ్యం కాదని ఒకప్పుడు చాలామంది అనుకునేవారు. 1954 మే 6న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో రోజర్ బానిస్టర్ అనే వైద్య విద్యార్థి 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. ఆయన నాలుగు చుట్లు చూడండి: 57.5, 60.7, 62.3, 58.9 సెకన్లు. అన్నిటికంటె వేగమైన చుట్టుకూ, నెమ్మదైన చుట్టుకూ తేడా ఐదు సెకన్లు కూడా లేదు. వేగం తప్పకుండా చూడడానికి ఇద్దరు స్నేహితులు, బ్రాషర్, చాటవే, వంతులవారీగా ఆయనకు ముందు పరుగెత్తారు. అంతకు ముప్పయ్యేళ్ళ ముందు ఫిన్లండు వీరుడు పావో నూర్మి చేతిలో స్టాప్ వాచీ పట్టుకొని పరుగెత్తేవాడు. పక్కవాణ్ణి చూసి కాదు, గడియారాన్ని చూసి పరుగెత్తేవాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఒకే రోజున 1500, 5000 మీటర్లు రెండూ గెలిచాడు.

అయితే నిదానం అంటే భయం కాదు. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పందెంలో మన మిల్ఖా సింగ్ 45.6 సెకన్లతో నాలుగో స్థానంలో నిలిచాడు. మూడో స్థానం వాడికి 45.5. ఒక్క పదో వంతు సెకనులో పతకం పోయింది. మధ్యలో మరీ వేగంగా పోతున్నానేమోనని తగ్గించానని ఆయన జీవితాంతం బాధపడ్డాడు. కాబట్టి మొదట్లో ఎగిరిపడడమూ తప్పే, మధ్యలో ఉత్తిపుణ్యానికి జంకడమూ తప్పే. తన వేగమేదో ముందే తెలుసుకొని దానిని నమ్ముకోవాలి.

ఇక సరంజామా సంగతి. ఇక్కడే మన ఇళ్ళల్లో డబ్బు పోతున్నది. బజారులో వేల రూపాయల బూట్లున్నాయి. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా దేశస్థుడు కిప్చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తినప్పుడు ఆయన బూట్లలో కార్బన్ పలకలున్నాయని అందరూ చెప్పుకున్నారు. ఆయన చుట్టూ వేగం చూపే మనుషులున్నారనీ, ముందు పోయే కారు రోడ్డు మీద వెలుగు గీతలు వేసిందనీ, కిలోమీటరుకు సుమారు 2 నిమిషాల 50 సెకన్ల లెక్క తప్పలేదనీ మాత్రం ఎవరూ చెప్పుకోరు. 1960 రోమ్‌లో ఇథియోపియా సిపాయి అబెబె బికిలా వట్టి కాళ్ళతో మారథాన్ గెలిచాడు. నాలుగేళ్ళకు టోక్యోలో బూట్లు వేసుకొనీ గెలిచాడు. వట్టి కాళ్ళే గొప్పని గాని, బూట్లే గొప్పని గాని దీని అర్థం కాదు. బూటు మనిషిని గెలిపించదు. గాజుపెంకు నుండి, మడమ నొప్పి నుండి కాపాడుతుంది. దాని ఉద్యోగం అంతవరకే.

బూట్లు కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి. సాయంత్రం పూట కొనండి. పగలంతా తిరిగిన పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, పరుగులో కూడా అలాగే ఉబ్బుతుంది. పరుగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్ళు తొడుక్కొనే కొలత చూడండి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. బూటు వేళ్ళ మొదట్లో వంగాలి గాని, నట్టనడుమ అట్టముక్కలా మడతపడకూడదు. మడమ అటూ ఇటూ జారకూడదు. ఇవి ఉంటే పేరులేని కంపెనీదైనా చాలు. అడుగుభాగం ఒక పక్క అరిగిపోతే, పైకి ఎంత శుభ్రంగా ఉన్నా దానిని బజారు పనులకు వాడుకోండి. ముఖ్యమైన మాట: పరీక్ష రోజున కొత్త బూట్లు వేయవద్దు. కనీసం రెండు మూడు వారాలు తొడిగి అలవాటు చేసుకోండి. వానాకాలంలో మన నల్లరేగడి బూటుకు అంటుకుందంటే ఒక్కొక్క కాలు శేరు బరువవుతుంది. ఆ రోజుల్లో కంకర రోడ్డు అంచో, ఇసుక నేలో వెతుక్కోండి. సూర్యలంక ఇసుకలో అలలు తడిపిన గట్టినేల మంచిది. పొడి ఇసుకలో రోజూ పరుగెత్తితే పిక్కలు, మడమ నరాలు పట్టేస్తాయి.

వాచీల విషయానికి వద్దాము. చేతికి కట్టుకుంటే గుండె వేగం, దూరం, నిద్ర అన్నీ చెప్పే వాచీలు వచ్చాయి. మంచివే, కాదనము. అయితే అవి దూరాన్ని ఉపగ్రహాల సాయంతో లెక్కగడతాయి. గుండ్రటి మైదానంలో, చెట్ల కింద ఆ లెక్క కొన్ని మీటర్లు తప్పుతుంది. పట్టీ వదులుగా ఉంటే నాడి లెక్కా తప్పుతుంది. 1600 మీటర్ల పరుగుకు స్టాప్ వాచీ చాలు. 1989లో వచ్చిన క్యాసియో ఎఫ్-91డబ్ల్యు లాంటి చవక వాచీలో కూడా సెకనులో వందో వంతు వరకు చూపే స్టాప్ వాచీ ఉంది. దానికంటె మంచి పరికరం ఇంకొకటుంది, అది గట్టు మీద నిలబడి చుట్టుచుట్టుకూ టైము అరిచి చెప్పే స్నేహితుడు. బానిస్టర్‌కు ఇద్దరున్నారు, మీకు ఒక్కరైనా దొరకరా?

దూరాన్ని అడుగులతో కాదు, టేపుతో కొలవండి. గట్టు మీద 200 మీటర్లు కొలిచి, ప్రతి 100 మీటర్లకు సున్నంతో గీత పెట్టండి. ఎనిమిది నిమిషాల పరీక్షకు 7 నిమిషాల 20 సెకన్లు గురిపెట్టుకోండి. వందకు 27 సెకన్లన్నర. గీత దాటగానే వాచీ చూడకముందే "ఇరవయ్యెనిమిది" అని నోటితో చెప్పి, తరువాత చూడండి. పది సార్లలో తొమ్మిది సార్లు మీ మాట, వాచీ మాట సెకను తేడాలో కలిశాయంటే మీ కాళ్ళకు గడియారం వచ్చినట్టే. పరీక్ష మైదానంలో వాచీ తీసి రమ్మంటే ఏం చేస్తారు? ఎక్కాలు రానివాడి చేతిలో కాలిక్యులేటరు లాక్కున్నట్టు నిలబడిపోకూడదు. పరికరమనేది మనకు నేర్పించి పక్కకు తప్పుకోవాలి.

ఇంకో లెక్క కూడా చెబుతాము. మలుపుల్లో గుంపును దాటాలని ఒక వరస బయటినుండి పరుగెత్తితే చుట్టుకు సుమారు ఏడున్నర మీటర్లు అదనం. నాలుగు చుట్లకు ముప్పయి మీటర్లు, అంటే తొమ్మిది సెకన్లు ఊరికే పోయినట్టు. మలుపులో లోపలి గీతను పట్టుకోండి, దాటడమేదో తిన్నని దారిలో దాటండి.

వారంలో ఎక్కువ రోజులు, పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరుగెత్తండి. ఒకటి రెండు రోజులు మాత్రం 400 మీటర్లు గురి వేగంతో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్ళీ పరుగెత్తండి, అలా నాలుగు సార్లు. ఒక రోజు పూర్తి విశ్రాంతి. రంజాను నెలలో గట్టి పరుగులు మానుకొని, ఇఫ్తారు తరువాత కాస్త తేరుకున్నాక తేలిక పరుగుతో సరిపెట్టుకోండి. ఒక నెల నెమ్మదిస్తే కాళ్ళు ఎక్కడికీ పోవు.

ఇక్కడ పెద్దలు కూడా చెవి ఒగ్గి వినాలి. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజు కానిస్టేబుళ్ళ ఎంపికకు 10 కిలోమీటర్ల పరుగు పెట్టినప్పుడు పదిమందికి పైగా యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉద్యోగం కోసం వెళ్ళిన బిడ్డ ఇంటికి శవమై వస్తే ఆ తల్లికి ఏ సర్కారు ఏమి ఇవ్వగలదు? మన కోస్తాలో ఉక్కపోత ఎక్కువ. చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. ఎండెక్కాక పరుగెత్తవద్దు. జ్వరం వచ్చి తగ్గిన వారంలో పరుగెత్తవద్దు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, చెమట పట్టాల్సిన వేళ ఒళ్ళు చల్లబడడం జరిగితే వెంటనే ఆగండి, నీడకు చేరండి, డాక్టరు దగ్గరకు పోండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే సాధనకు ముందే గుండె పరీక్ష చేయించుకోండి. దమ్ము పెరుగుతుందని ఎవరో ఇచ్చే సూదిమందులు, బిళ్ళలు ముట్టుకోవద్దు. అది పరుగు కాదు, జూదం.

ఆడపిల్లల సంగతి మరువరాదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా బంగారు పతకం తెచ్చింది. వరంగల్లు జిల్లా అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. మన అమ్మాయిలు పూర్తి చేతుల చొక్కా, ట్రాక్ ప్యాంటు, పిన్ను జారకుండా బిగించిన తేలికపాటి స్కార్ఫు వేసుకొని హాయిగా పరుగెత్తవచ్చు. బట్ట మాత్రం చెమట పీల్చి తొందరగా ఆరేదై ఉండాలి. వారికి కావలసింది బట్టల గురించి ఉపన్యాసం కాదు, తెల్లవారుజామున గట్టు దాకా తోడు వచ్చే అన్నయ్యో, అమ్మో.

చివరగా సొసైటీవారికి ఒక మనవి. ఒక్కొక్క కుర్రవాడి తండ్రి అప్పుచేసి వాచీ కొనే బదులు, ఊరికి రెండు స్టాప్ వాచీలు, ఒక కొలత టేపు, ఒక మందుల పెట్టె సొసైటీ తరఫున కొనిపెడితే తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్ళ పిల్లలకూ సరిపోతుంది. మిగిలిన డబ్బుతో బూట్లు లేనివారికి బూట్లు కొనండి, సాధన మొదలుపెట్టేవారికి ఒకరోజు డాక్టరు పరీక్ష పెట్టించండి. పోస్టులు అందరికీ రావు, ఆ సంగతి మాకూ తెలుసు. రానివాడికి కనీసం ఆరోగ్యం మిగలాలి గాని, అప్పు మిగలకూడదు.

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దలన్నారు. ఈ కాలపు కుర్రవాళ్ళకు నిలబడే వీలు లేదు, పరుగెత్తక తప్పదు. కాబట్టి ఆ సామెతను కొంచెం మార్చి చెబుతున్నాము: పరుగెత్తండి, కాని పాలు ఒలకకుండా పరుగెత్తండి. అల్లాహ్ మీ శ్రమను ఫలింపజేయుగాక.