ఉప్పుగాలిలో అల్యూమినియం బండి: మెరుపు, రక్షణ

(భావనపాడులో జరిగిన విశ్రాంత ఉద్యోగుల ఆత్మీయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించి, వైద్య సదుపాయాల గురించి నాకు ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. ఆర్టీసీ బాడీ సెక్షన్‌లో రేకు కత్తిరించి, రివెట్లు కొట్టి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక, అల్యూమినియం బండి పైరేకును ఎలా కాపాడుకోవాలో చెప్పమని నన్ను ఆదేశించారు. ఇది చిన్న విషయం కాదు. మనలో కొందరు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో పిల్లలకు టిఫిను వ్యాన్లు కట్టించి ఇచ్చారు. ఆ రేకు పాడైతే పోయేది మెరుపొక్కటే కాదు, ఒక ఇంటి రాబడి.

అల్యూమినియం తుప్పు పట్టదని అంటారు. అందులో సగమే నిజం. గాలి తగలగానే దాని మీద కంటికి కనబడని పలుచని పొర ఏర్పడుతుంది. ఆ పొరే దానికి కవచం. గీత పడినా మళ్ళీ తనంతట తానే పూడుతుంది. అయితే సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. అప్పుడు తెల్లటి పొడి కనిపిస్తుంది, దాని కింద సూదిమొన అంత గుంట పడుతుంది. పలాసలో పదేళ్ళు బాగుండే రేకు ఇక్కడ, అల ఒడ్డున, అంతకాలం అలాగే ఉంటుందనుకోకూడదు.

అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ అనే సంస్థ 1930ల నుండి అల్యూమినియం రేకుతో ఇల్లులాంటి బండ్లు తయారు చేస్తోంది. 1969లో చంద్రుని దగ్గరికి వెళ్ళి వచ్చిన ముగ్గురు వ్యోమగాములను మొదట ఉంచింది అటువంటి బండిని మార్చి చేసిన గదిలోనే. అంత పేరున్న బండికైనా, మన టిఫిను వ్యానుకైనా రేకు ధర్మం ఒకటే. ఇక పని సంగతి చెబుతాను.

మొదటిది కడగడం. ఉద్దానం ఇసుక రేకు మీద ఉండగా గుడ్డతో తుడిస్తే అది గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. కాబట్టి ముందు నీళ్ళు ధారగా పోసి ఇసుక, ఉప్పు జారనివ్వాలి. తరువాత కొద్దిగా సబ్బునీళ్ళు, మెత్తని గుడ్డ. చాకలి సోడా, కాస్టిక్ సోడా, బ్లీచింగ్ పౌడరు, సున్నం, పొయ్యి బూడిద దగ్గరికి రానివ్వవద్దు. ఇవి ఆ రక్షణ పొరను తినేస్తాయి. గిన్నెలు తోమే చింతపండు పులుసు కూడా వద్దు, అతుకుల్లో దిగి నిలిచిపోతుంది. మీ బోరు నీరు ఉప్పగా ఉంటే చివరిసారి మంచినీళ్ళతో కడిగి, పాత పంచె గుడ్డతో ఆరదుడవండి. ఒడ్డున నిలిపే బండికి వారానికి ఒకసారైనా ఇది జరగాలి.

రెండవది పాలిష్. ముందు మీ రేకు ఏ రకమో చూసుకోండి. రంగు వేసిన రేకును, లక్క పూత ఉన్న రేకును, కిటికీ ఫ్రేముల్లాంటి అనోడైజ్ చేసినదాన్ని పాలిష్ ముద్దతో రుద్దకూడదు. ఉత్త రేకు అయితేనే రుద్దాలి. కనబడని మూల చిన్న జాగాలో పరీక్షించి, నీడలో, ఒకే దిశలో రుద్దండి. గుడ్డ నల్లబడుతుంది. చాలామంది అది మురికి అనుకుని తెల్లబడేదాకా రుద్దుతారు. అది మురికి కాదు, మీ రేకే. ఎంత రుద్దితే అంత అరుగుతుంది. అందుకే పాలిష్ పండగకు చేసే పని, కడగడం రోజువారీ పని.

మూడవది పూత. మెరుపు వచ్చాక ఊరుకుంటే ఉప్పు మళ్ళీ పట్టుకుంటుంది. మైనం పూస్తే కొన్ని నెలలు ఆగుతుంది, ఎండావానలకు పోతుంది, మళ్ళీ పూయాలి. లక్క ఎక్కువ కాలం ఉంటుంది. కానీ దానికి ముందు పాలిష్ జిడ్డు పూర్తిగా పోవాలి, లేకపోతే పొరలు పొరలుగా లేస్తుంది. థిన్నరు వాడేటప్పుడు చేతికి తొడుగులు, బయట గాలి తప్పనిసరి. దగ్గర బీడీ, స్టవ్వు వద్దు. రంగే వేయించుకుంటే అల్యూమినియానికి తగిన ప్రైమరు కొట్టించండి.

నాలుగవది అన్నిటికన్నా ముఖ్యం: అతుకులు. అల్యూమినియానికి ఇనుపబోల్టో, ఇత్తడి ముక్కో నేరుగా తగిలి మధ్యలో ఉప్పునీరు నిలిస్తే, లోపల చిన్న బ్యాటరీ పుట్టినట్టే. అరిగిపోయేది అల్యూమినియం. అందుచేత మధ్యలో రబ్బరు వాషరు, అతుకులో సీలెంటు ఉండాలి. తడి గోనెసంచి ఆనించి ఉంచకూడదు. ప్లాస్టిక్ పరదాను గాలి ఆడకుండా బిగించి కప్పకూడదు. అడుగున నీరు కారే రంధ్రాలు మూసుకుపోకుండా చూడాలి. రాత్రిపూట లోపల దీపం పెట్టి బయటినుండి చూడండి. చుక్కలుగా వెలుతురు కనబడితే రేకుకు చిల్లులు పడినట్టు.

ఎందుకింత చెబుతున్నానంటే, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగం. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎట్లా నేలకొరిగాయో మీరంతా చూశారు. ఆ గాలి బండికి ఎంత మెరుపుందో చూడదు. రివెట్టు పట్టు ఉందా లేదా అనే చూస్తుంది. అద్దంలా మెరిసే రేకు వెనక బోల్టు తినిపోయి ఉంటే, ఆ రేకు లేచి కత్తిలా ఎగిరి మనిషిని తగలవచ్చు. మీ ఇంటి షెడ్డు రేకులకు, కిటికీలకు కూడా ఇదే మాట. ఏటా సెప్టెంబరులో, తుఫానుల కాలానికి ముందు, ఒక్కసారి బోల్టులన్నీ పరీక్ష చేయించండి.

చివరిగా పెద్దలకు ఒక మనవి. మన వయసులో నిచ్చెన ఎక్కవద్దు. కిందినుండి చూపించండి, పని పిల్లల చేత చేయించండి. మన చేతిలో ఉన్నది అనుభవం, వాళ్ళ చేతిలో ఉన్నది బలం. రెండూ కలిస్తే బండి నాలుగు కాలాలపాటు ఉంటుంది.