విద్యుత్తు కారును సామాన్యుడేల సంశయించుచున్నాడు?



నలోపాఖ్యానమున ఋతుపర్ణుడు లెక్కలయందు దిట్ట. బాహుకుడు రథము తోలుటయందు దిట్ట. త్రోవలో తాండ్రచెట్టు కడ ఇరువురును తమ విద్యలను మార్చుకొనిరి. నాకు బండి తోలుట రాదు. లెక్క వ్రాయుటయే నా వృత్తి. కావున నేడు బండి తోలువారి పక్షమున లెక్క చూపెదను. విద్యుత్తు కారు కొననివాడు తెలియనివాడని కొందఱందురు. నేనట్లు తలపను.

ఈ బండి క్రొత్తదేమియు కాదు. 1900 ప్రాంతమున అమెరికాలోని మోటారు బండ్లలో ఇంచుమించు మూడవ వంతు విద్యుత్తువే. 1908లో ఫోర్డు వారి చౌక కారు వచ్చినది. 1912లో కాడిలాక్ కారునకు, చేతితో త్రిప్పు శ్రమ లేకయే ఇంజను కదలు ఏర్పాటు వచ్చినది. పెట్రోలు ఊరూర దొరకసాగినది. అంతట విద్యుత్తు బండి మరుగుపడినది. మన దేశమున 2001లో బెంగుళూరునుండి 'రేవా' యను చిన్న కారు వెలువడినది. ఒకమారు చార్జి చేసిన 80 కిలోమీటర్లు పోయెడిది. చూచినవారు పెక్కండ్రు, కొన్నవారు కొలదిమంది.

ఇక లెక్క. విద్యుత్తుతో కిలోమీటరునకు రూపాయిన్నర, పెట్రోలుతో ఏడు రూపాయలు అగుననుకొందము. ఆదా అయిదున్నర. విద్యుత్తు కారు వెల మూడు లక్షలు హెచ్చయినచో, ఆ సొమ్ము తిరిగి వచ్చుటకు దాదాపు 55,000 కిలోమీటర్లు తిరుగవలెను. దినమునకు 20 కిలోమీటర్లు తిరుగువానికి ఏడున్నర ఏండ్లు పట్టును. నూరు తిరుగువానికి ఏడాదిన్నర చాలును. కాని ఆ నూరు తిరుగువాడే బాడుగకు తోలువాడు. దారిలో చార్జి కొఱకు గంటసేపు నిలిచిన వానికి కూలి పోవును. లాభమెవనికి హెచ్చో భయమును వానికే హెచ్చు!

మూడు చక్రముల బండ్లను చూడుడు. విద్యుత్తు ఆటోల అమ్మకమున 2023లో మన దేశము చైనాను మించి ప్రపంచమున మొదటిదైనది. ఆ తోలువారు మనకన్న ఎక్కువ చదివినవారా? వారి త్రోవ కొలిచినది, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. నార్వే దేశమున 2024లో అమ్మిన క్రొత్త కార్లు పదింటిలో దాదాపు తొమ్మిది విద్యుత్తువే. అచటి ప్రభుత్వము చిరకాలము వీనికి పన్నులు మినహాయించి, పెట్రోలు బండ్లపై భారము మోపినది. లెక్క మాఱినది, మనసును మాఱినది.

మన పల్లెలో ఒక సౌకర్యము కలదు: బండి మన వాకిటనే నిలుచును. 15 ఆంపియర్ల ప్లగ్గునుండి 30 యూనిట్ల బ్యాటరీ నిండుటకు సుమారు పది గంటలు పట్టును. రాత్రి కరెంటు నిలిచెనా, తెల్లవారి ప్రయాణము నిలుచును. అందులకును ఓర్చుకొనవచ్చును.

అసలు చిక్కు వేఱు. పల్లెకు వచ్చు కార్లలో పెక్కు ఒకరు వాడి అమ్మినవి. పెట్రోలు బండియైనచో మన మెకానిక్కు ఇంజను చప్పుడు విని, పొగ రంగు చూచి, దాని ఆయువు చెప్పును. బ్యాటరీకి చప్పుడు లేదు, పొగ లేదు. అదియో, బండిలోకెల్ల వెలగల వస్తువు! ముసలి ఎద్దునైనను పండ్లు చూచి కొందుము గదా, దీనికేమి చూతుము? సాధారణముగా కంపెనీలు 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ ఇచ్చుచున్నవి. అది రెండవ కొనుగోలుదారునకు ఎంతవరకు చెల్లునో హామీపత్రమును అక్షరాక్షరము చదివినగాని తేలదు. అది తెలుగున నుండుట అరుదు.

మీలో నెవరైన అట్టి పత్రమును సంపాదించి తెచ్చినచో, సాయంకాలము గ్రంథాలయము తెఱచియుండు వేళ అందఱము కూర్చుండి చదువుకొందము.