తోలు బిగించిన చేతులు: డైహచి ఒగుచి స్మారకోపన్యాసం



కాన్‌బెర్రాలోని గంగాలిన్‌లో తెలుగువాళ్లం చేరి ఒక జపాన్ వాద్యకారుణ్ణి తలుచుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. నాకు తోచడం లేదు. మన కాన్‌బెర్రాకూ నారాకూ 1993 నుంచి సోదర నగరాల బంధం ఉంది. లెనాక్స్ గార్డెన్స్‌లో జరిగే నారా దీపాల పండుగలో జపాన్ డోలు టైకో మోత మనలో చాలామంది విన్నదే.

ఆ మోత విన్నవాళ్లు అది అనాదిగా వస్తున్న సంప్రదాయమనుకుంటారు. డోలు పాతదే. ఆరో శతాబ్దపు సమాధుల దగ్గర దొరికిన మట్టిబొమ్మల్లో డోలు వాయించేవాడూ ఉన్నాడు. పదిమంది కలిసి వేదిక మీద వాయించే మేళానికి మాత్రం ఇంకా వందేళ్లు నిండలేదు. దానికి ఆద్యుడు ఒగుచి. ఆయన జాజ్ డ్రమ్మర్. సువా ప్రాంతపు గుడి వాద్యానికి చెందిన పాత సంగీత లిపి ఒకటి ఆయన చేతికొచ్చింది. అందులో ఉన్నది ఉన్నట్టు వాయించి ఊరుకోలేదు. జాజ్ డ్రమ్‌సెట్ దగ్గర ఒక్కడే చేసే పనిని పలువురికి పంచారు. సన్నగా పలికే షిమే డోలు కాలప్రమాణం పడుతుంది, నగాడో ప్రధాన దరువు వేస్తుంది, పెద్ద ఓడైకో అడుగున మంద్రంగా మోగుతుంది. అలా 1951లో ఒసువా డైకో పుట్టింది. 1964 టోక్యో ఒలింపిక్స్ దాన్ని లోకానికి వినిపించింది. ఒగుచి 2008లో, 84వ ఏట, రోడ్డు ప్రమాదంలో కన్నుమూశారు.

ఒలింపిక్స్ తర్వాత విస్తరణ వేగంగా సాగింది. సాడో దీవిలో 1969లో ఒండెకోజా బృందం, అందులోంచి 1981లో కోడో బృందం వచ్చాయి. కాలిఫోర్నియాలో జపాన్ సంతతివాళ్లు ద్రాక్షసారా పీపాలకు తోలు బిగించి వాయించారు. ఒండెకోజాలో వాయించిన రైలీ లీ, సిడ్నీ సింఫనీ వాద్యకారుడు ఇయాన్ క్లెవర్త్ కలిసి 1997లో సిడ్నీలో టైకోజ్ స్థాపించారు. 2014లో ఆ బృందం ఆనందవల్లి గారి లింగాలయం నృత్యబృందంతో కలిసి ‘చీ ఉదక’ ప్రదర్శించింది. టైకోను కలగాపులగం చేస్తున్నారని బాధపడేవారికి నా జవాబు ఒక్కటే: ఈ మేళం పుట్టుకే కలయిక.

అయితే ఈ చరిత్రలో చప్పట్లు అందని పుట ఒకటుంది. నగాడో ఒళ్లు ఒకే మొద్దును తొలిచి చేస్తారు, మూతికి పశువు తోలు లాగి, చుట్టూ మేకులు దిగ్గొడతారు. ఆ తోలు పని చేసినవాళ్లను జపాన్ తరతరాలుగా అంటరానివాళ్లుగా ఊరవతల ఉంచింది. 1871లో చట్టం ఆ భేదాన్ని రద్దు చేసింది, మనసులు చేయలేదు. వాయించేవాడికి వేదిక, చేసేవాడికి వెలి. ఒసాకాలో నానివా అనే పేట డోళ్ల తయారీకి పేరుమోసింది. ఆ పేట యువకులు 1987లో తామే టైకో బృందం కట్టి దానికి ‘ఇకారి’ అని పేరు పెట్టారు. ఇకారి అంటే కోపం.

ఇది విన్న తెలుగువాడికి వేరే వివరణ అక్కర్లేదు. చెక్క చట్రానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, కుడిచేత చిర్ర, ఎడమచేత సిటికెనపుల్ల పట్టి వాయించే డప్పు మనది. జాతరకూ చావుకూ అది కావాలి. వాయించే మాదిగను మాత్రం గడప అవతలే నిలబెట్టాం. సముద్రాలు దాటి వచ్చాక కూడా మన సాంస్కృతిక సభల్లో వీణకూ మృదంగానికీ ఉన్న చోటు డప్పుకు లేదు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

టైకోకు మనం లేచి నిలబడి చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. అదే గౌరవంతో వచ్చే ఉగాదికి ఈ గంగాలిన్‌లోనే డప్పు కళాకారులను పిలుద్దాం. ఊరేగింపు ముందు నడిపించి పంపేయడానికి కాదు, పూర్తిస్థాయి కచేరీకి. రానుపోను ఖర్చులతో పాటు గౌరవ పారితోషికం ఇద్దాం. కరపత్రం మీద వాయించేవాళ్ల పేర్ల పక్కనే డప్పు కట్టినవాళ్ల పేర్లూ అచ్చు వేద్దాం. నిర్వాహకులు ఈ మాటను ఈ ఏడే కార్యవర్గం ముందు పెట్టాలని కోరుతున్నాను.