కేప్ కాడ్‌లో మెషిన్ గన్ రేంజ్: పైన అడవి, కింద మంచినీళ్లు

ఈ ఎపిసోడ్‌లో అమెరికా వెళ్దాం. బోస్టన్ నుంచి కారులో గంటన్నర దక్షిణంగా వెళ్తే కేప్ కాడ్ వస్తుంది. బోస్టన్‌లో చదువుకునే మనవాళ్లు సమ్మర్‌లో బీచ్ ఫోటోలు పెట్టేది చాలాసార్లు ఇక్కడి నుంచే. ఆ బీచ్‌ల పక్కనే పెద్ద మిలటరీ బేస్ ఉంది. అందులో క్యాంప్ ఎడ్వర్డ్స్ అనే ట్రైనింగ్ ఏరియా, దాదాపు 15,000 ఎకరాలు. పైన్ చెట్లు, పొట్టి ఓక్ చెట్ల అడవి. ఆ అడవిలో ఒక మెషిన్ గన్ రేంజ్ కడతామని సైన్యం అడిగింది. కట్టొచ్చా, కట్టకూడదా? దాని మీద జరిగిన పర్యావరణ సమీక్ష కథే ఇది.

ముందు నేల గురించి చెప్పాలి. అది లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

కేప్ కాడ్ అంటే వేల ఏళ్ల కింద మంచు పలకలు కరిగి వదిలేసిన ఇసుక. మన వైపు బాపట్ల, చీరాల ఇసుక నేలలు చూసినవాళ్లకి తెలుస్తుంది, వాన పడితే నీళ్లు నిలవవు, నేరుగా లోపలికి దిగిపోతాయి. అలా దిగిన నీళ్లే అక్కడ తాగే నీళ్లు. పెద్ద నది లేదు. ఏడాది పొడవునా ఉండే 2,20,000 మంది, వేసవిలో వచ్చే లక్షల మంది, అందరికీ ఆ భూగర్భ జలమే గతి. అందుకే 1982లో అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ దాన్ని 'ఏకైక ఆధారమైన నీటి వనరు' అని ప్రకటించింది. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంకొక విషయం. ఆ బేస్‌లో దశాబ్దాల పాటు ఫిరంగులు పేల్చారు, మోర్టార్లు పేల్చారు. పేలిన గుండు పని అయిపోయింది అనుకుంటాం కదా. పేలనివీ ఉంటాయి, సగం పేలినవీ ఉంటాయి. వాటిలోని ఆర్‌డీఎక్స్, పెర్‌క్లోరేట్ లాంటి రసాయనాలు వానతో పాటు ఇసుకలోకి దిగి భూగర్భ జలంలో కలిశాయి. ఆర్‌డీఎక్స్ అంటే మనకి బాంబు వార్తల్లోనే తెలుసు, అక్కడ అది నీళ్ల రిపోర్టుల్లో కనిపించింది. 1997లో ఈపీఏ ఫైరింగ్ ఆపమని ఆర్డర్ ఇచ్చింది. పర్యావరణం కోసం ఒక బేస్‌లో సైనిక శిక్షణనే ఆపించడం అమెరికాలో అదే మొదటిసారి. అప్పటి నుంచి నీళ్లు పైకి తోడి, కార్బన్ ఫిల్టర్లలో శుభ్రం చేసి, మళ్లీ భూమిలోకి వదులుతున్నారు. ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటిందని అక్కడి పత్రికలు రాస్తుంటాయి.

ఇక్కడొక చిన్న కథ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. సీసం బుల్లెట్లు విషం కదా అని, వాటి బదులు టంగ్‌స్టన్ బుల్లెట్లు తెచ్చారు. 'గ్రీన్ బుల్లెట్' అన్నారు. టంగ్‌స్టన్ నీళ్లలో కరగదు, కదలదు అని నమ్మకం. కొన్నేళ్లు కాల్చాక చూస్తే టంగ్‌స్టన్ భూగర్భ జలంలో తేలింది. 2006లో అవీ ఆపేశారు. అంటే 'ఈసారి సేఫ్' అన్న మాట ఆ ఊళ్లవాళ్లు అప్పటికే ఒకసారి విన్నారు.

ఈలోగా 2002లో మసాచుసెట్స్ రాష్ట్రం చట్టం చేసి ఆ 15,000 ఎకరాలని మంచినీటి రిజర్వుగా ప్రకటించింది. నీళ్లు, వన్యప్రాణులు ముందు, వాటికి ఇబ్బంది లేనంత వరకు సైనిక శిక్షణ.

సరే, ఇప్పుడు కొత్త రేంజ్. మసాచుసెట్స్ ఆర్మీ నేషనల్ గార్డ్ అడిగింది. నేషనల్ గార్డ్ అంటే మామూలు ఉద్యోగాలు చేసుకుంటూ నెలకో వీకెండ్ ట్రైనింగ్‌కి వచ్చే సైనికులు. మెషిన్ గన్ పట్టేవాడు ప్రాక్టీస్ చేసి టెస్ట్ పాస్ కావాల్సిందే, లేకపోతే యుద్ధంలో వాడికీ ప్రమాదం, పక్కవాడికీ ప్రమాదం. దానికి తగ్గ రేంజ్ రాష్ట్రంలో లేదు, వెర్మాంట్ దాకా పోవాలి. ఉన్న రెండు రోజుల్లో సగం రోడ్డు మీదే పోతుంది. ఈ వాదన అబద్ధం కాదు, నేను కొట్టిపారేయను. ఆ పైన్ అడవికి అప్పుడప్పుడూ నిప్పు తగలడం అవసరం, ఆ కంట్రోల్డ్ బర్నింగ్ చేసేది కూడా ఈ గార్డ్ వాళ్లే.

అడిగింది ఏంటంటే, ఎనిమిది లేన్ల రేంజ్. దానికి సుమారు 170 ఎకరాల అడవి కొట్టాలి. ముప్పై క్రికెట్ గ్రౌండ్లు పట్టే జాగా అనుకోండి. బుల్లెట్ పొరపాటున ఎగిరి పడే అవకాశం ఉన్న డేంజర్ జోన్ ఇంకో ఐదు వేల ఎకరాలు. ఏడాదికి దాదాపు 13 లక్షల రౌండ్లు. ఈసారి సీసం కాదు, రాగి బుల్లెట్లు.

అమెరికా చట్టం ప్రకారం ముందు 'ఎన్విరాన్‌మెంటల్ అసెస్‌మెంట్' అనే చిన్న రిపోర్టు రాయాలి. పెద్ద ప్రభావం ఉందని తేలితేనే పెద్ద రిపోర్టు, లోతైన స్టడీ. లేదనుకుంటే 'గణనీయ ప్రభావం లేదు' అని ఒక కాగితం ఇచ్చి ముగించొచ్చు. దాన్ని పొట్టిగా ఫాన్సీ అంటారు (పేరు నేను పెట్టింది కాదు). ఈ రిపోర్టు ఎవరు రాస్తారు? రేంజ్ కావాలి అన్నవాళ్లే. 2021 ఏప్రిల్‌లో ఫాన్సీ వచ్చింది. పరీక్ష రాసినవాడే పేపర్ దిద్దుకున్నట్టు ఉంది కదా? అబద్ధాలు రాశారని నేను అనట్లేదు. తనకి కావాల్సిన పని గురించి తనే రాసుకునేవాడు 'దీన్ని ఎలా సరిచేయొచ్చు' అని వెతుకుతాడు. 'అసలు ఇక్కడ చేయొచ్చా' అని వెతకడు.

చుట్టుపక్కల ఊళ్ల జనం వదల్లేదు. ఇప్పుడు 1982 నాటి ఆ ముక్క గుర్తు తెచ్చుకోండి. ఏకైక నీటి వనరు అని ప్రకటించిన చోట, ఫెడరల్ నిధులతో కట్టే ఏ ప్రాజెక్టునైనా ఈపీఏ విడిగా సమీక్షించొచ్చని తాగునీటి చట్టంలో ఒక సెక్షన్ ఉంది. నీటికి ముప్పు అని తేలితే దానికి ఫెడరల్ డబ్బులు రావు. 2021 ఆగస్టులో ఈపీఏ ఆ సెక్షన్ తీసింది.

2023 ఏప్రిల్‌లో ముసాయిదా వచ్చింది: ఈ రేంజ్ నీటి వనరుని కలుషితం చేసి, ప్రజారోగ్యానికి గణనీయమైన ప్రమాదం తేవచ్చు. ముసాయిదా అంటే తుది తీర్పు కాదు, దాని మీద జనం అభిప్రాయాలు అడిగారు, హియరింగ్ పెట్టారు. కానీ అదే అడవి, అదే తుపాకీ, అదే బుల్లెట్. ఒక రిపోర్టు పెద్ద ప్రభావం లేదంది, ఇంకోటి ప్రమాదం అంది.

ఎందుకు? రాగితో ఏముంది, మనం రాగి చెంబులో నీళ్లు తాగుతాం కదా అనొచ్చు. మరి ఆ రాగి చెంబుని చింతపండుతో ఎందుకు తోముతాం? పులుపు తగిలితే చిలుము కరిగిపోతుంది కాబట్టి. ఆ ఇసుక నేల కూడా ఆమ్ల గుణం ఉన్నదే. ఏటా లక్షల రాగి బుల్లెట్లు అందులో పడి ఉంటే రాగి కరిగి కిందికి దిగే దారి ఉంటుంది. బుల్లెట్‌ని తోసే మందులోని రసాయనాలు అదనం. ఇసుక ఏదీ పట్టి ఉంచదు. బుల్లెట్ సేఫా అని విడిగా అడిగితే ఒక జవాబు, ఈ నేల మీద సేఫా అని అడిగితే ఇంకో జవాబు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. వికారాబాద్ జిల్లా దామగుండం అందరికీ గుర్తుండే ఉంటుంది. నేవీ వీఎల్‌ఎఫ్ కమ్యూనికేషన్ స్టేషన్ కోసం 2,900 ఎకరాల రిజర్వ్ ఫారెస్ట్, 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన. అది ఫైరింగ్ రేంజ్ కాదు, అక్కడ గుళ్లు పేలవు, రెండూ ఒకటే అని నేను చెప్పట్లేదు. దేశానికి అది అవసరమా కాదా అన్న చర్చ కూడా వేరే. నేను చూసేది ఒక్కటే, మన దగ్గర గొడవంతా దేని మీద నడిచింది? చెట్ల లెక్క మీద. ఇన్ని లక్షలు పోతాయని ఒకరు, కాదు ఇన్నే అని ఇంకొకరు, బదులుగా ఇన్ని నాటుతాం అని మరొకరు. మూసీ పుట్టే జిల్లా అది. వాన నీళ్లు ఎటు పోతాయి, చెరువుల్లోకి ఎంత వస్తాయి అన్నది టీవీ డిబేట్లలో ఎంతసేపు విన్నారు?

మన రూల్స్‌లో తేడా కూడా తెలుసుకోండి. 2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం రక్షణ ప్రాజెక్టులకి ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది. 2023లో అటవీ సంరక్షణ చట్టం సవరించినప్పుడు, పది హెక్టార్ల లోపు భద్రతా నిర్మాణాలని ఆ చట్టం పరిధి నుంచే తప్పించే వీలు పెట్టారు. రహస్యం అవసరమే, స్టేషన్ ఏ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుందో నాకు చెప్పక్కర్లేదు. కానీ మా ఊరి బోరులో నీళ్లు ఏమవుతాయి అన్నది మిలటరీ సీక్రెట్ ఎలా అవుతుంది?

మీరు చేయగలిగింది ఒకటుంది, ఫోన్‌లోనే. కేంద్ర పర్యావరణ శాఖ 'పరివేష్' పోర్టల్ ఓపెన్ చేయండి. అటవీ భూమి మళ్లింపు ప్రతిపాదనలు, కమిటీ మీటింగ్ మినిట్స్ అందులో పెడతారు. మీ జిల్లా పేరుతో వెతకండి. రిపోర్టు దొరికితే చెట్ల సంఖ్య దగ్గరే ఆగిపోకండి, నీటి గురించి ఎన్ని పేరాలు ఉన్నాయో చూడండి. దొరికింది కామెంట్‌లో పెట్టండి, మంచివి తీసుకుని వచ్చే ఎపిసోడ్‌లో కలిసి చదువుదాం. ఉంటా మరి.