పరదేశమున మన మోటారుసైకిలు

బెంగళూరులో రిజిస్టరైన మోటారుసైకిలును కొలదికాలము ఇరాన్ వంటి దేశమున నడిపి మరల తెచ్చుకొనఁదలఁచువారికి, ఏడాది మాత్రమే చెల్లెడు ‘కార్నే’ అను పత్రపుస్తకము అత్యావశ్యకము. దాని ప్రతిపుటయందును మూడు ఖండములుండును. ప్రవేశమున నొకటి, నిష్క్రమణమున నొకటి సుంకాధికారి చించుకొని, పుస్తకమున మిగిలిన ఖండముపై రెండు ముద్రలు వేయును. ఆ రెండవ ముద్ర పడకున్నచో, బండి అచ్చటనే నిలిచిపోయినదని యెంచి సుంకము అడుగుదురు. నంబరు బండితో సరిపోలనిచో ఆ ముద్రకు చిక్కు రావచ్చును; కావున పుస్తకమున వ్రాసిన ఛాసిస్ నంబరులో ఒక్క అంకె తప్పినను బయలుదేరకముందే దిద్దించుకొనుఁడు. నేపాలునకు ఈ పుస్తకముతో పనిలేదు. సరిహద్దున ‘భన్సార్’ అను సుంకము చెల్లించిన చాలును.

పరదేశమేల? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47వ సెక్షను ననుసరించి, కర్నూలు బండి బెంగళూరున 12 నెలలు మించి నిలిచినచో, నిరభ్యంతర పత్రము తెచ్చి కర్ణాటక నంబరు పొందవలసినదే!