మధుమేహం గల బాలలు – గురుజనుల కర్తవ్యం

(బాలల దినోత్సవ సందర్భంగా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నవంబరు 14వ తేదీ మన దేశంలో బాలల దినోత్సవమని అందరికీ విదితమే. అదే దినం ప్రపంచ మధుమేహ దినం కూడా. ఇన్సులిన్ ఔషధాన్ని లోకానికి అందించినవారిలో ప్రముఖుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో జన్మించిన తిథి అది. 1922 జనవరిలో కెనడా దేశపు టొరంటో నగరంలో ఆ ఔషధాన్ని తొలుత పొందిన రోగి పద్నాలుగేళ్ళ బాలుడు. అంతకు పూర్వం ఈ వ్యాధి వచ్చిన బిడ్డ ఎక్కువ కాలం జీవించడం అరుదు. నేడు అట్టి బిడ్డ చదువుకుంటున్నాడు, ఆడుకుంటున్నాడు, పెద్దవాడై సంసారం చేసుకుంటున్నాడు. అయితే ఆ బిడ్డ పగటివేళ తల్లి కంటి ఎదుట ఉండడు. బడిలో మన కంటి ఎదుట ఉంటాడు. మన కన్ను ఎట్టిదో చెప్పడానికి ముందుగా నా అపరాధం ఒకటి మనవి చేస్తాను.

సుమారు ముప్పై ఏళ్ళ క్రిందట నేనొక ఉన్నత పాఠశాలలో పండితుడిగా ఉన్నాను. ఎనిమిదవ తరగతిలో శబ్దరూపాలు వల్లె వేయిస్తున్నాను. అంతకు ముందు గంట ఆటల గంట. ముందు వరుసలోని బాలుడొకడు జేబులోనుండి బెల్లపు ముక్క తీసి నోట పెట్టుకోబోయాడు. తరగతిలో తినడం నాకు సరిపడదు. ఆ ముక్క తీసుకొని నా బల్ల సొరుగులో వేసి, వాణ్ణి నిలబడమన్నాను. వాడేదో చెప్పబోయి మానుకున్నాడు. కొంతసేపటికి రామశబ్దం అప్పగించమంటే, కంఠస్థమైనదే, తడబడ్డాడు. నుదుట చెమట, చేతులలో వణుకు. భయమనుకొని గద్దించాను. వాడు బల్లమీదికి ఒరిగిపోయాడు. ప్రక్కనున్న వాడి స్నేహితుడు నా అనుమతి అడగలేదు; పరుగున వచ్చి, సొరుగు లాగి, ఆ బెల్లం తీసి వాడి నోట పెట్టాడు. ఇంకా మింగగల స్థితిలో ఉన్నాడు గనుక కాసేపటికి తేరుకున్నాడు. తోటి బాలునికి తెలిసినది నాకు తెలియలేదు.

సాయంకాలం వాడి తల్లి వచ్చింది. నిందించడానికి వచ్చిందనుకున్నాను. ఆమె చేతులు జోడించి, "పంతులుగారూ! వాడి పేరు తీసేయకండి. చెబితే బడిలో ఉంచుకోరేమోనని దాచాం" అన్నది. తప్పు చేసినవాణ్ణి నేను, ప్రాధేయపడినది ఆమె. ఆ మాట నన్ను ఈనాటికీ బాధిస్తూనే ఉంది.

మన ప్రాచీన వైద్యులలో సుశ్రుతుడు ప్రమేహాన్ని సహజమనీ, అపథ్యం వలన కలిగేదనీ రెండు విధాలుగా చెప్పాడు. నేటి శాస్త్ర విభాగాన్ని దానితో అక్షరాలా ముడివేయరాదు గాని, ఈ రోగం అందరికీ తిండిదోషం వలననే రాదన్న వివేకం మన పెద్దలకు ఉన్నది. బాలలలో ఎక్కువగా కనిపించేది టైప్-1 మధుమేహం. శరీర రక్షణ వ్యవస్థయే పొరబడి, క్లోమగ్రంథిలో ఇన్సులిన్‌ను తయారుచేసే కణాలను నశింపజేస్తుంది. ఇది తీపి తిన్నందున రాదు. అంటువ్యాధి కాదు. తల్లి పెంపకంలోని లోపం కాదు. ఇన్సులిన్ ప్రతిదినం బయటినుండి ఇవ్వవలసిందే. మొక్కుల పేరిట గాని, మూలికల పేరిట గాని దానిని ఆపరాదు, అది ప్రాణాపాయం.

ఉపాధ్యాయులు గుర్తించవలసిన స్థితులు రెండు. మొదటిది రక్తంలో చక్కెర తగ్గడం. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే వణుకు, చెమట, ఆకలి, చిరాకు, మాట తడబాటు కలుగుతాయి. ఆటల తరువాత, భోజనం ఆలస్యమైనప్పుడు ఇది సంభవించవచ్చు. వెంటనే వైద్యుడు చెప్పిన మోతాదులో, సాధారణంగా 15 గ్రాముల గ్లూకోజు గాని మూడు చెంచాల చక్కెర గాని ఇవ్వాలి. చిన్న పిల్లలకు అంతకంటె తక్కువ చాలు. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. ఆ స్థితిలో బిడ్డను ఒంటరిగా ఎక్కడికీ పంపరాదు. స్పృహ తప్పితే నోట ఏమీ పోయరాదు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. రెండవది చక్కెర పెరగడం. మాటిమాటికి దప్పిక, మూత్రం కలుగుతాయి. అడిగినప్పుడల్లా బయటికి పంపండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనబడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి.

తల్లిదండ్రులారా! దాచకండి. వైద్యుని సూచనలు ఒక కాగితం మీద వ్రాయించి బడిలో ఇవ్వండి. గ్లూకోజు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, మీ ఫోన్ నంబర్లు గల చిన్న పెట్టె తరగతిలో ఉంచండి. ఇద్దరు ఉపాధ్యాయులకైనా, ఒక స్నేహితునికైనా విషయం తెలియాలి. మధ్యాహ్నం ఇన్సులిన్ తీసుకోవడానికి బిడ్డకు శుభ్రమైన చోటు అడగండి. మరుగుదొడ్డిలో నిలబడి సూది వేసుకునే గతి పట్టించకండి. ఇది ఎవరి దయ మీదనో ఆధారపడిన విషయం కాదు. బోర్డు పరీక్షలలో ఇట్టి విద్యార్థులు చక్కెర బిళ్ళలు, పండ్లు, నీళ్ళు వెంట తీసుకుపోవచ్చునని సి.బి.ఎస్.ఇ. 2017లోనే అనుమతించింది. బడిలో పరీక్ష చేసుకోవడానికి, ఇన్సులిన్ తీసుకోవడానికి, అల్పాహారం తినడానికి వీలు కల్పించవలసిందిగా జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు వ్రాసింది.

యాత్రికులకు ఒక మనవి. క్యూలో ఇట్టి బిడ్డ ఏదైనా తింటూ కనిపిస్తే కోప్పడకండి. ప్రసాదం చేతిలో పడగానే బిడ్డ తల్లి ముఖం చూస్తే, కాదనకూడదని బలవంతపెట్టకండి. నీకు చక్కెర రోగమని నలుగురిలో లాగుకోకండి. ఎంత తినాలో, దానికి ఎంత ఇన్సులిన్ కావాలో వారికి తెలుసు. దాతలకు మరొక మనవి. స్ట్రిప్పుల ఖర్చు, ఇన్సులిన్ ఖర్చు నెలనెలా వచ్చేది. ఒక పేద బిడ్డకు ఒక ఏడాది ఆ భారం మీరు వహిస్తే అది సార్థకమైన దానం.

ఆ సంఘటన జరిగిన మరునాడు తరగతిలో అందరి ఎదుట ఆ బాలునితో నాది తప్పని చెప్పాను. నాటినుండి పదవీ విరమణ వరకు నా బల్ల సొరుగులో బెల్లం ఉండేది. ఆ సొరుగుకు తాళం వేయలేదు.

స్వస్తి.